సరిపోయినట్లే ఉన్న వాల్వు



ఈ వారం మేము వాల్వుల గురించి రాస్తున్నాము. నవ్వకండి. గల్ఫులో, సముద్రం లోపలికి దిగే ఈతగాళ్లకు గాలి సిలిండర్లు నింపే దుకాణంలో పనిచేస్తున్న మన సంఘపు తమ్ముడొకరు ఫోనులో చెప్పిన సంగతి ఇది. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాము. పేరు మాత్రం రాయము.

నీటి అడుగున స్వేచ్ఛగా ఊపిరి పీల్చుకునే పరికరాన్ని 1943లో ఫ్రాన్సులో కుస్తో, గాన్యాన్ అనే ఇద్దరు తయారు చేశారు. వీపున సిలిండరు, దాని మెడలో వాల్వు. ఎంత గాలి మిగిలిందో చూపే మీటరు ఆ పాత రోజుల్లో అందరికీ ఉండేది కాదు. అందుకని 'జె' వాల్వు వచ్చింది. దాని లోపలి స్ప్రింగు చివరి 300 పి.ఎస్.ఐ. గాలిని ఆపి ఉంచుతుంది. ఊపిరి బరువైనప్పుడు కడ్డీ కిందికి లాగితే ఆ దాచిన గాలి వస్తుంది, మనిషి పైకి వచ్చేయాలి. కడ్డీ దేనికైనా తగిలి ముందే దిగిపోయి ఉంటే దాచిన గాలి కూడా తెలియకుండానే అయిపోతుంది. (పదిమంది కన్యకల సిద్దెలు మాకు గుర్తొచ్చాయి గాని, అది ఇంకో వారం.)

ఒక కస్టమరు తన తండ్రి వాడిన అమెరికా ఉక్కు సిలిండరు తెచ్చాడు. జె వాల్వు పాడైంది. సిలిండరు మెడ ముప్పావు అంగుళం కొలతది, అంగుళానికి 14 మరలు. దుకాణంలో ఉన్నవి యూరపు వాల్వులు: 25 మిల్లీమీటర్లు, మరకూ మరకూ మధ్య 2 మిల్లీమీటర్లు. మెడ 26 దాటి ఉంటుంది. తేడా ఆ కొంచెమే. అందుకే ఆ వాల్వు వదులుగా లోపలికి తిరుగుతుంది, చివర రబ్బరు రింగు దగ్గర బిగిసినట్లే ఉంటుంది. అసలు ఎక్కకపోతే ఏ గొడవా లేదు.

"ఎక్కిందిగా, నింపు" అన్నాడట యజమాని.

కారు టైరులో ఉండేది 30 పైచిలుకు పి.ఎస్.ఐ. ఆ రకం సిలిండరులో 2250. మర జారితే వాల్వు తూటాలా లేస్తుంది. మొదట ఎదురుగా ఉండేది నింపేవాడే, తర్వాత దాన్ని మోసుకెళ్లేవాడు. తమ్ముడు నింపనన్నాడు. ఆ నెల జీతం ఆగిపోయింది.

"అయ్యగారూ, కొన్నాళ్లు ఆగేదేమో కూడా. ఇంట్లో అప్పుంది. నేను మొండితనం చేశానా?" అని అడిగాడు.

మేము ద్వితీయోపదేశకాండము 22లో డాబాకు పిట్టగోడ కట్టమన్న ఆజ్ఞ తీయమన్నాము. అక్కడ ఎవరూ ఇంకా పడలేదు, చూడండి. పడబోయేవాడు ఎవరో కట్టేవాడికి తెలియదు. అయినా ఆ రక్తాపరాధం ఇంటి యజమాని మీదికి రాకూడదని దేవుడు ముందే గోడ కట్టించాడు. గోడకయ్యే ఖర్చు ఎవరిస్తారని మాత్రం అక్కడ రాసి లేదు. ఆ మాటా తమ్ముడికి చెప్పాము, దాచలేదు.

సరైన కొలత వాల్వు మూలపడ్డ ఇంకో పాత సిలిండరు మీద దొరికిందట. ఇప్పుడు దాని స్ప్రింగు మార్చాలి, సిలిండరును నీటి ఒత్తిడితో పరీక్షించాలి. కస్టమరు ఆగుతానన్నాడు. జీతం ఇంకా రాలేదు.

బుధవారం ఉపవాస ప్రార్థనలో ఈ కుటుంబాన్ని జ్ఞాపకం చేసుకుందాము. తమ్ముడి తల్లిగారు ఎవరో మీలో కొందరికి అర్థమయ్యే ఉంటుంది. ఆమె కనిపిస్తే పలకరించండి, జీతం సంగతి మాత్రం అడగకండి.