కిటికీ పూల కొండ పుట్టిల్లు

టాంజానియాలో టాంగా రేవు వదిలి, ముహేజా మీదుగా కొండదారి పడితే అమానీ అడవి వస్తుంది. ఉసంబర కొండల్లో మంచు కమ్ముకునే చోటు ఇది. చెట్ల నీడన నాచుపట్టిన రాళ్లను కాస్త పరికించి చూడండి... పగుళ్లలో నూగు ఆకులు, వాటి నడుమ ఊదారంగు పూలు! ప్రపంచమంతా కిటికీల్లో పెంచుకునే ఆఫ్రికన్ వయొలెట్ పుట్టిల్లు ఈ కొండలే.

పేరులో వయొలెట్ ఉన్నా, ఆ పూలతో దీనికి చుట్టరికం లేదు. 1892లో వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ అనే జర్మన్ అధికారి ముచ్చటపడి దీన్ని స్వదేశంలోని తండ్రికి పంపాడు. మరుసటి ఏడాదే వృక్షశాస్త్రవేత్త వెండ్‌లాండ్ ఆ ఇంటిపేరుతోనే మొక్కను సెయింట్‌పాలియా అన్నాడు. 1920ల్లో లాస్ ఏంజెలిస్ నర్సరీ ఒకటి సంకర రకాలు తీశాక, పెంపకం ఇంటింటి సరదా అయింది.

ఆకు తుంచి తడిమట్టిలో గుచ్చితే పిల్లమొక్కలు వస్తాయి. కానీ అవి చాలావరకు తల్లి పోలికే. కొత్త రంగు కావాలంటే ఒక పువ్వు పుప్పొడిని మరో పువ్వుకు అద్ది, విత్తనం కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. అలా పుట్టినవే నేటి వేల రకాలు. పోటీల్లోనైతే పూలొక్కటే చాలవు, ఆకులు కూడా పళ్లెంలా గుండ్రంగా పరుచుకోవాలి.

పుట్టింట్లో మాత్రం కష్టకాలం. నీడనిచ్చే చెట్టు కూలితే రాయి ఎండుతుంది, మొక్క మాడుతుంది. అడవి రకాల్లో కొన్ని ఏవో ఒకటి రెండు చోట్లే మిగిలాయి. అమానీని 1997లో రక్షిత అడవిగా ప్రకటించింది ఇలాంటి అరుదైన ప్రాణుల కోసమే. అక్కడికెళితే కళ్లారా చూడండి, ఆకు మాత్రం తుంచకండి!