బోర్లా తిప్పితే రెండు గడియలు

ల్యాప్‌టాప్‌ను బోర్లా తిప్పితే వెనకంచున రెండు గడియలు ఉండేవి. ఒకటి పక్కకు జరిపితే అక్కడే ఆగిపోయేది. రెండోదానికి స్ప్రింగు. దాన్ని ఒక వేలితో లాగి పట్టుకుని, రెండో చేత్తో బ్యాటరీని వెనక్కి నెడితే టక్కున ఊడి అరచేతిలోకి వచ్చేది. జానెడు పొడవు, పావుకిలోకి కాస్త పైబడిన బరువు. మా అమ్మాయి ల్యాప్‌టాప్ అడుగు పలకలా నున్నగా ఉంటుంది. చుట్టూ చీమ తలకాయలంత స్క్రూలు తప్ప వేలు పెట్టడానికి చోటే లేదు. టక్కుమనే ఆ చప్పుడు ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు.

నాది 2010లో కొన్నది. మొదటి తరం కోర్ ఐ3, నాలుగు జీబీ ర్యామ్, విండోస్ 7. ఇప్పుడు ప్లగ్గు పీకితే పద్దెనిమిది నిమిషాలకు తెర నల్లబడుతోంది. "ఇంకా ఎన్నాళ్ళు నాన్నా దాంతో? కొత్తది నేను పంపిస్తాలే" అంది అమ్మాయి బెంగళూరు నుంచి. పిల్ల మాట సబబే. అయినా సరేననడానికి నాకు నోరు రాలేదు. బ్యాటరీ మార్చాలా, మెషినే మార్చాలా అని రెండు నెలలు నానబెట్టాను. ఆ రెండు నెలల్లో ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చినవి ఇవి.

కొన్నది ఆఫీసు పనికే అయినా, దాని బ్యాటరీ నిజంగా అక్కరకొచ్చింది మా అమ్మ దగ్గర. 2012, 2013 వేసవుల కరెంటు కోతలు ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నవాళ్ళెవరూ మరిచిపోరు. పరిశ్రమలకు పవర్ హాలిడేలు. పల్లెల్లో పొద్దున ఒక కోత, మధ్యాహ్నం ఒక కోత, రాత్రి చెప్పాపెట్టకుండా మరొకటి. తెనాలి దగ్గర మా ఊరికి రెండు వారాలకోసారి వెళ్ళేవాణ్ణి. రాత్రి కరెంటు పోగానే అమ్మ అరుగు మీద చాప పరిచి విసనకర్ర అందుకునేది. నేను పక్కన కూచుని ల్యాప్‌టాప్ తెరిచేవాణ్ణి. వీధి మొత్తానికీ ఆ తెర వెలుగొక్కటే.

"ఏంట్రా రాస్తున్నావు?"

"నువ్వు చెప్పేదే అమ్మా."

"ఇవన్నీ ఎవరిక్కావాలి నాన్నా!" అనేది. అంటూనే చెప్పేది. తను కాపరానికి వచ్చిన కొత్తలో మా చేలో పండిన వడ్ల పేర్లు: కృష్ణకాటుకలు, అక్కుళ్ళు, ఆత్రగడ, గరికసన్నాలు. మసూరి వచ్చి వాటిని తోసేసిందట. బాపట్లవాళ్ళ సాంబమసూరి వచ్చి ఆ మసూరినీ తోసేసిందట. గాదె అడుగున వేపాకు ఎంత మందాన పరిచేవాళ్ళో, కోడలు గాదెలోకి దిగితే అత్తగారు పైనుంచి ఏమని కేకేసేదో, అన్నీ చెప్పేది. నేను కొడుతూ ఉండేవాణ్ణి.

ఆ రోజుల్లో బ్యాటరీ మూడు గంటలు ఆగేది. రెండోది ఒకటి కొని తువ్వాలులో చుట్టి సంచిలో ఉంచుకునేవాణ్ణి. మొదటిది అయిపోవస్తుంటే మెషిన్ ఆపి, ఆ చీకట్లో తడుముకుంటూ రెండు గడియలూ తీసి, దీన్ని ఊడదీసి దాన్ని ఎక్కించేవాణ్ణి. మళ్ళీ తెర వెలిగేదాకా రెండు మూడు నిమిషాలు పట్టేది. అంతసేపూ అమ్మ ఒక వక్కపలుకు నోట్లో వేసుకుని ఊరుకునేది. వెలుగు రాగానే, ఏ మాట దగ్గర ఆగిందో సరిగ్గా అక్కడే అందుకునేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

2014లో అమ్మ పోయింది.

బ్యాటరీ అనే మాట మా ఇంట్లో అంతకు చాలాముందే ఉండేది గానీ, దాని అర్థం టార్చిలైటు. "ఆ బ్యాటరీ ఇలా తేరా, దొడ్లో ఏదో కదిలింది" అనేవాడు మా నాన్న. లోపలుండేవి సెల్లులు. ఎవరెడీవి, లావుపాటివి, మూడు పట్టే లైటు. నిలువునా ఒకదాని మీద ఒకటి వేసి, అడుగున స్ప్రింగున్న మూత తిప్పాలి. ఒకటి తలకిందులుగా పడిందా, వెలగదు. ప్లస్సూ మైనస్సూ నేను నేర్చుకున్నది బడిలో కాదు, ఆ గొట్టంలోనే.

సెల్లు నీరసించగానే పారేసే అలవాటు మా ఇంట్లో లేదు. టార్చిలో వెలుగు పసుపుపచ్చకు తిరగగానే నాన్న వాటిని తీసి రేడియోలో వేసేవాడు. టార్చి బల్బు కరెంటు ఎక్కువ లాగుతుంది, ట్రాన్సిస్టర్ రేడియోకి అందులో కొంత చాలు. ఈ లెక్క ఆయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు. టార్చికి పనికిరాని సెల్లుతో మరో నెల ఢిల్లీ వార్తలు వినేవాళ్ళం. వార్తలు చదివే పన్యాల రంగనాథరావు గారి గొంతు మా ఇంటికి వచ్చింది ఆ వాడేసిన సెల్లుల మీదే. రేడియో గొంతు కూడా కీచుగా మారాక సెల్లుల్ని తీసి కిటికీలో ఎండబెట్టేవాళ్ళం. ఎండకు అందులో కొత్తగా కరెంటు పుట్టదు. వేడికి మందకొడిగా ఉన్న రసాయనం కాస్త చురుకవుతుంది, అంతే. ఆ కాస్తతోనే విజయవాడ స్టేషను నుంచి ఒక నాటకం పూర్తిగా వినేసేవాళ్ళం.

అక్కడికీ దాని పని అయిపోయేది కాదు. చచ్చిన సెల్లు పిల్లల సొత్తు. రాయితో కొడితే పైన జింకు డబ్బీ చీలేది. లోపల నల్లటి పొడి, నడుమ నున్నటి కార్బన్ కడ్డీ. ఆ కడ్డీతో వీధిగోడ మీద వికెట్లు గీసేవాళ్ళం. వర్షాకాలం దాకా చెరిగేవి కావు. లెక్లాంషే అనే ఫ్రెంచి ఆయన 1866లో చేసిన ఘటానికి మా కడ్డీ మునిమనవరాలని చాలా ఏళ్ళ తర్వాత చదివి సంతోషపడ్డాను.

ఇంకొక బ్యాటరీ ఉంది. 1987లో ఆదివారం పొద్దున రామాయణం మొదలైన రోజులు. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయేది. మా ఊళ్ళో ఒకరింట్లో బ్లాక్ అండ్ వైట్ పోర్టబుల్ టీవీ ఉండేది, పన్నెండు వోల్టుల మీద కూడా నడిచేది. ట్రాక్టరు బ్యాటరీ ఊడదీసి ఇద్దరు మోసుకొచ్చి అరుగు మీద దించేవాళ్ళు. ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు తగిలించగానే తెర మీద అయోధ్య. ఆ బ్యాటరీ దిగిపోతే తెనాలిలో చార్జింగు కొట్టుకి పంపేవాళ్ళు. నేలంతా బ్యాటరీలు వరసగా, యాసిడ్ వాసన, ధ్రువాల మీద తెల్లటి పొక్కు. కొట్టతను గాజు గొట్టంతో యాసిడ్ పీల్చి, లోపల తేలే బుడ్డిని చూసి, "పొద్దున్నే రండి" అనేవాడు. డిస్టిల్డ్ వాటర్ పోసి, రాత్రంతా చార్జింగులో పెట్టి, మళ్ళీ మనదే మనకిచ్చేవాడు. టార్చి సెల్లయినా, ట్రాక్టరు బ్యాటరీ అయినా, నీరసించింది ఏదో కళ్ళకు కనబడేది. చేత్తో తీసి, చేత్తో పెట్టేవాళ్ళం. వస్తువు అలాగే ఉండేది.

ల్యాప్‌టాప్ బ్యాటరీలోనూ ఉండేది సెల్లులే. నా పాత బ్యాటరీ డబ్బాలో ఆరు ఉన్నాయి. 18650 అంటారు వాటిని. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా గుండ్రటిదని చెప్పడానికి. జంటలు జంటలుగా కలిపి, మూడు జంటల్ని వరసగా పేరుస్తారు. ఒక్కొక్కటి 3.6 వోల్టులు, మొత్తం 10.8. చూడ్డానికి మా నాన్న టార్చి సెల్లుల తమ్ముళ్ళలా ఉంటాయి. లోపలి సంగతే వేరు. లిథియం అయాన్లు చార్జింగులో గ్రాఫైటు వైపు, వాడకంలో కోబాల్ట్ ఆక్సైడ్ వైపు తిరుగుతూ ఉంటాయి. అలా తిరిగిన ప్రతిసారీ కొంచెం లిథియం దారిలో చిక్కుబడి మళ్ళీ పనికి రాదు. మూడు వందల నుంచి ఐదు వందల సార్లు నిండి ఖాళీ అయ్యేసరికి అయిదో వంతు బలం పోవడం మామూలే. వేడి తగిలితే ఇంకా త్వరగా పోతుంది. మా వేసవులు దానికి మేలు చెయ్యలేదు.

ఆ కోబాల్ట్ ఆక్సైడ్ సంగతి 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో తేల్చినవాడు జాన్ గుడినఫ్. సోనీ 1991లో ఈ బ్యాటరీని బజారుకు తెచ్చింది. ఆయనకు నోబెల్ వచ్చింది 2019లో, తొంభై ఏడేళ్ళ వయసులో. అంత పెద్ద వయసులో ఆ బహుమతి అందుకున్నవాళ్ళు మరొకరు లేరు. ఆ వార్త వచ్చిన రోజు నేను అమ్మ మాటలున్న ఫైలు తెరిచి కాసేపు చదువుకున్నాను. అరుగు మీద ఆ మూడు గంటలు మాకిచ్చింది ఆయనా, ఆయనతో బహుమతి పంచుకున్న విటింగమ్, యోషినోలూ.

ఇక నా లెక్క. విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీసే కమాండ్ ఒకటుంది, పవర్‌సీఎఫ్‌జీ అని. తీశాను. కొత్తలో సామర్థ్యం 47,520 మిల్లీవాట్ అవర్లు. ఇప్పుడు నిండా చార్జ్ చేస్తే 9,100. అయిదో వంతు కూడా లేదు. మెషిన్ మాత్రం గట్టిగానే ఉంది. హింజీలు బిగువుగా ఉన్నాయి, కీబోర్డులో ఒక్క కీ ఊడలేదు. 2017లో హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించాను కాబట్టి నిమిషంలోపే లేస్తుంది. అడ్డం ఒకటే. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ ఆసరా 2020 జనవరిలో ఆగింది. తర్వాత వేసిన విండోస్ 10కీ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఇంత పాత ప్రాసెసరును ఒప్పుకోదు. బ్యాంకు పనులు ల్యాప్‌టాప్‌లోనే చేసుకునేవాళ్ళకు, వీడియోలు కత్తిరించేవాళ్ళకు, చదువుకునే పిల్లలకు నేను కొత్తదే కొనమంటాను. బ్యాటరీ మార్చినంత మాత్రాన ప్రాసెసరుకు వయసు తగ్గదు. నాకు కావలసింది రాసుకోవడం, చదువుకోవడం. దానికి ఉచితంగా దొరికే లైనెక్స్ చాలు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాను, మనందరం సీటీసీ అనేదే. ఒకప్పుడు అక్కడ కొట్టుకొట్టుకూ గోడల నిండా బ్యాటరీలు వేలాడేవి, చెప్పుల దుకాణంలో జోళ్ళలా. ఇప్పుడు అలాంటి గోడ ఒకటో రెండో కనబడ్డాయి. ఒక కుర్రాడు నా బ్యాటరీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒరిజినల్ బంద్ అయింది సార్. కంపాటిబుల్ వస్తది. గంటన్నర, మహా అయితే రెండు గంటలు బ్యాకప్."

"లోపలి సెల్లులు మార్చగలవా?"

"మారుస్తరు గానీ నేనైతే చెప్పను సార్. లోపల బోర్డు ఉంటది, ఒక్కోసారి లాక్ అయితది. సెల్లు మంచిది పడకపోతే వేడెక్కుతది. ఇండ్ల పెట్టుకునే వస్తువు."

పని వదులుకుని మరీ నిజం చెప్పాడు. కంపాటిబుల్‌దే ఇవ్వమన్నాను. డబ్బా మీద తయారైన నెల చూపించాడు. ఏళ్ళ తరబడి కొట్లో పడివున్న బ్యాటరీ వాడకుండానే ముసలిదవుతుందనీ, అందుకే నెల చూడకుండా ఎవరూ కొనకూడదనీ చెప్పాడు. టేబుల్ మీద మెషిన్‌ని బోర్లా పెట్టి రెండు గడియలూ తీశాడు. టక్. కొత్తది నెట్టాడు. టక్. అర నిమిషం కూడా పట్టలేదు. పక్కన మరొకతను, వెనక మూత విప్పిన సన్నటి ల్యాప్‌టాప్ ఒకటి ముందేసుకుని, జిగురుతో అంటించిన బ్యాటరీని ప్లాస్టిక్ రేకుతో మెల్లగా లేవదీస్తున్నాడు. నేను టీ తాగి వచ్చేసరికి కూడా అది ఊడలేదు.

సన్నదనం కోసమే గడియలు పోయాయంటారు. సన్నదనం మంచిదే, మోసేవాళ్ళకు బరువు తగ్గింది, కాదనను. కానీ అరిగేది ఏదో ముందే తెలిసినప్పుడు, దాన్ని మార్చుకునే దారి మూసెయ్యడం తప్పని నా గట్టి అభిప్రాయం. యూరప్ వాళ్ళు 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీలు వాడేవాళ్ళే తీసి మార్చుకోగలిగేలా ఉండాలని చట్టం చేశారు. మన దగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, పోర్టల్ తెరిచింది. గడియ తిరిగొస్తుందో లేదో గానీ, దాని అవసరం ఉందని ఎక్కడో ఒకచోట ఒప్పుకున్నారు. నాకది పెద్ద సంగతే.

పాత బ్యాటరీని కొట్లోనే ఇచ్చేశాను. దాన్ని రాయితో పగలగొట్టడానికి వీల్లేదు, నిప్పు లేస్తుంది. అమ్మ ఫైలును మరో రెండు చోట్ల దాచి, ఈ మెషిన్‌లోనూ ఉంచాను. మొన్న రాత్రి ప్లగ్గు పీకి మొదటి పేజీ నుంచి చదివాను. గంటా నలభై నిమిషాలు ఆగింది.

మీ ఇంట్లోనూ అటక మీదో, బీరువా అడుగునో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటుంది. తుక్కుకి వెయ్యబోయే ముందు ఒకసారి బోర్లా తిప్పి చూడండి. రెండు గడియలుంటే బ్యాటరీ తీసి వేరుగా పెట్టండి, చెత్తలో వెయ్యకండి. మెషిన్‌ని ప్లగ్గుకి తగిలించి చూడండి. లేచిందంటే, అమ్మడానికి ముందు అందులో ఎవరి మాటలున్నాయో చదవండి.