ఇంటిపేరు ఒకటే... చుట్టాలు కారు!

ఒకే ఇంటిపేరు వినబడితే చాలు, 'మనవాళ్లేనేమో' అనుకుంటాం. తీరా ఊరూ గోత్రం అడిగితే ఏ సంబంధమూ ఉండదు. ఇంగ్లిషు మాటల సంగతీ అంతే. మొదటి అక్షరాలు కలిసినంత మాత్రాన అర్థాలు కలవవు.

మా అక్క కొడుకు తెలుగు మీడియం నుంచి ఇంగ్లిషు మీడియంలోకి మారాడు. రాత్రి బట్టీ పట్టడం, పొద్దున అప్పజెప్పడం, సాయంత్రానికి మర్చిపోవడం... 'నాకు ఇంగ్లిషు రాదు పిన్నీ' అని తీర్మానించేసుకున్నాడు. ఆ మాటే నాకు బాధనిపించింది. సెలవుల్లో వాణ్ని కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి బౌద్ధ గుహలకు తీసుకెళ్లాను.

ఎం-ఓ-ఎన్‌తో మొదలయ్యే మాటలకు ఆ కొండ మంచి బడి. మాంక్ అంటే సన్యాసి, మొనాస్టరీ అంటే వాళ్లుండే విహారం, మోనోలిత్ అంటే ఏకశిల. మూడింటికీ మూలం గ్రీకు మాట 'మోనోస్'. అంటే ఒక్కటి, ఒంటరి అని. గుండ్రటి చైత్య గుహలో కొండరాతినే తొలిచి మలిచిన స్తూపాన్ని చూశాక మోనోలిత్‌కి వేరే అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది.

'ఒంటరివాడైతే ఇన్ని గదులెందుకు?' అన్నాడు వాడు. మంచి ప్రశ్న! మొనాస్టరీ అన్న మాట మొదట ఒంటరిగా తపస్సు చేసుకునే సన్యాసుల నివాసానికి పుట్టింది. ఇక్కడి భిక్షువులేమో సంఘంగా బతికారు. పరాయి మాట మన కొండకు అతికినట్టు సరిపోలేదన్నమాట.

ఈ గుహలు మాన్యుమెంట్ కూడా. కానీ దీనికీ మోనోస్‌కీ చుట్టరికం లేదు. ఇది లాటిన్ 'మొనేరే' నుంచి వచ్చింది. గుర్తు చేయడం, హెచ్చరించడం అని అర్థం. 'మీ క్లాసు మానిటర్ దీనికి బంధువే' అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు.

దిగేటప్పుడు చినుకులు పడ్డాయి. 'మరి మాన్‌సూన్?' అన్నాడు. అది అరబ్బీ 'మౌసిమ్', అంటే రుతువు. పోర్చుగీసు ఓడలెక్కి ఇంగ్లిషులో చేరింది. హిందీలో 'మౌసమ్' అదే. మండే అయితే చంద్రుడి వారం. మన సోమవారమూ అదేగా!

మీ పిల్లలు మాటల పట్టిక ముందేసుకుని దిగులుగా కూర్చుంటే, ఆ మాటల ఊరేదో అడగనివ్వండి. అన్నీ చెప్పలేకపోయినా ఫర్వాలేదు, కలిసి డిక్షనరీ తిరగేయండి. పుట్టిల్లు తెలిసిన మాటను పిల్లలు అంత తొందరగా మర్చిపోరు.