గోల్డెన్ ఊళ్లో ఎడమచేతి చాకు

డెన్వర్ నుంచి పడమరకి పాతిక కిలోమీటర్లు వెళ్తే చదును నేల అయిపోయి, రాకీ పర్వతాలు మొదలయ్యే చోట గోల్డెన్ అనే చిన్న ఊరు కనపడుతుంది. పేరు చూసి బంగారం వల్ల వచ్చిందేమో అనుకుంటాం. కాదు, మొదట్లో ఇక్కడ దిగిన టామ్ గోల్డెన్ అనే ఆయన పేరు అది. కానీ ఊరు పుట్టింది మాత్రం బంగారం వేటలోనే, 1859లో. 1862 నుంచి 1867 దాకా కొలరాడో ప్రాంతానికి ఇదే రాజధాని. ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద ‘హౌడీ ఫోక్స్’ అని పలకరించే ఆర్చి, ఊరి మధ్యలో క్లియర్ క్రీక్ అనే వాగు, అటూ ఇటూ తల నరికేసినట్టు చదునుగా ఉండే రెండు కొండలు, 1873లో మొదలైన కూర్స్ బీరు ఫ్యాక్టరీ. వీకెండ్ వస్తే డెన్వర్ జనం సగం ఇక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది.

మన వాళ్లు కూడా బాగానే వస్తారు. వాగు పక్కన ఫొటోలు దిగుతారు, లుకౌట్ మౌంటెన్ ఎక్కి బఫెలో బిల్ సమాధి చూస్తారు, సాయంత్రానికి వెళ్లిపోతారు. నేను ఈసారి వెళ్లింది వీటి కోసం కాదు. వేలెడంత ఇనుప పట్టీ కోసం. మడత చాకుని జేబు అంచుకి పట్టి ఉంచే క్లిప్పు కోసం.

బ్రెడ్డు బండిలో వచ్చినవాళ్లు

ఈ ఊళ్లో స్పైడర్‌కో అనే చాకుల కంపెనీ ఉంది. సాల్ గ్లెసర్, ఆయన భార్య గెయిల్ 1976లో ‘పోర్టబుల్ హ్యాండ్’ అనే పనిముట్టుతో మొదలుపెట్టారు. నగలు చేసేవాళ్లు, చిన్న చిన్న రిపేర్లు చేసేవాళ్లు వస్తువుని కావలసిన కోణంలో పట్టి ఉంచుకోవడానికి వాడుకునే స్టాండు అది. బ్రెడ్డు పంచే పాత వ్యానుని ఇల్లుగా మార్చుకుని, ఊరూరా తిరిగి ప్రదర్శనల్లో అమ్మేవాళ్లు. 1978లో గోల్డెన్‌లో స్థిరపడ్డారు. తర్వాత సానపెట్టే పనిముట్లు చేశారు. ఆ తర్వాత 1981లో ‘వర్కర్’ అనే మడత చాకు తెచ్చారు. జపాన్‌లో కత్తులకి పేరుపడ్డ సెకీ అనే ఊళ్లో చేయించారు దాన్ని.

ఆ చాకులో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, బ్లేడులో గుండ్రటి రంధ్రం. బొటనవేలు పెట్టి ఒక్క చేత్తో తెరవొచ్చు. రెండు, పెన్ను క్యాపుకి ఉన్నట్టు పిడికి ఒక క్లిప్పు. అప్పటిదాకా చాకు పెట్టుకోవడానికి రెండే దారులు. చిన్నదైతే జేబు అడుగున తాళాలు, చిల్లరతో కలిసి దొర్లుతుంది. పెద్దదైతే బెల్టుకి తోలు ఒర కట్టుకోవాలి. 1964లో వచ్చిన బక్ 110 అనే ప్రసిద్ధ చాకు దాదాపు 200 గ్రాములు ఉంటుంది. అది జేబులో ఉంటే ప్యాంటు ఒక పక్కకి జారుతుంది. క్లిప్పు వచ్చాక చాకు జేబు పైఅంచుకి వేలాడటం మొదలుపెట్టింది. చూడకుండానే చెయ్యి దాని మీదకే వెళ్తుంది.

మనకి ఇది కొత్త ఆలోచనేం కాదు. తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి చూడండి. రెండు చేతులూ చెట్టుకీ మోకుకీ సరిపోతాయి. అందుకే గీతకత్తి నడుముకున్న ముస్తాదుకి వేలాడుతుంది. చెట్టు మీద కత్తి కోసం వెతుక్కునే టైం ఉండదు. చెయ్యి వెనక్కి పోతే కత్తి అక్కడే ఉండాలి, అదే దిక్కులో ఉండాలి. జేబు క్లిప్పు చేసేది కూడా ఈ పనే.

మామకి పడ్డ నాలుగు కుట్లు

నేను క్లిప్పుల గురించి ఇంత ఆలోచించడానికి కారణం మా మేనమామ. నల్లగొండ జిల్లాలో ఆయనకి బత్తాయి తోట ఉంది. ఆయనది పుర్రచెయ్యి. చిన్నప్పుడు బడిలో పలక ఎడమచేత్తో పట్టుకుంటే వేళ్ల మీద దెబ్బలు పడేవట. అన్నం కుడిచేత్తో తినడం నేర్పించారు గానీ పని మాత్రం ఎడమచేత్తోనే. పళ్ల కొడవలి కూడా కుడిచేతి వాళ్లకే చేస్తారు, పళ్లు ఒక వైపుకే వాలి ఉంటాయి. అందుకని మామ ఊళ్లో కమ్మరి దగ్గర కూర్చుని తనకంటూ ఒకటి చేయించుకునేవాడు. ఆ కమ్మరి పోయాక అది కూడా లేదు.

గతేడాది అంగడిలో ఒక మడత చాకు కొన్నాడు. దాని క్లిప్పు కుడివైపు రివెట్లతో బిగించేసి ఉంది. మామ దాన్ని ఎడమ జేబుకి తగిలించుకున్నాడు. డ్రిప్పు పైపు కోయడానికి వంగి జేబులో చెయ్యి పెట్టాడు. లోపల బ్లేడు అప్పటికే వేలెడు తెరుచుకుని ఉంది. చూపుడు వేలికి నాలుగు కుట్లు పడ్డాయి. ‘చూసుకోవాలి కదా’ అన్నారు ఇంట్లో అందరూ. అత్త ఇంకో మాట కూడా అంది, పుర్రచెయ్యి ఉన్నోళ్లకి ఇట్లాంటివి తప్పవని.

తప్పు చేతిది కాదు. ఇదిగో ఇలా జరుగుతుంది. మడత చాకుకి బ్లేడు వీపు ఒక పక్కకి ఉంటుంది, తెరుచుకునేది అటువైపే. కుడివైపు క్లిప్పు ఉండి, మొన పైకి ఉండే చాకుని కుడి జేబులో పెడితే ఆ వీపు జేబు వెనక కుట్టుకి ఆనుకుంటుంది. తెరుచుకోవాలన్నా కుట్టు అడ్డం. అదే చాకుని ఎడమ జేబుకి మారిస్తే వీపు ముందుకి తిరుగుతుంది. ముందువైపు అంతా ఖాళీ, చెయ్యి దిగేది కూడా అటే. నమ్మకం కుదరకపోతే క్యాపుకి ఒక పక్క స్టిక్కర్ అంటించిన పెన్నుని కుడి జేబుకి ఒకసారి, ఎడమ జేబుకి ఒకసారి తగిలించి చూడండి. స్టిక్కరు దిక్కు మారిపోతుంది.

నిక్కరు పట్టుకుని షోరూమ్‌కి

ఇండియా ప్రయాణానికి వారం ముందు మామకి వీడియో కాల్ చేశా.

“మామా, చాకు ఏ జేబులో పెట్టుకుంటవ్? అంగీ జేబులనా?”

“అంగీల ఫోనుంటది. వంగితే పడ్తది.”

“మరి లుంగీకి?”

“లుంగీకి జేబేడుంటదిరా అల్లుడా! లోపల చెడ్డీకుంటది.”

పట్టాపట్టీల నిక్కరు. పల్చటి నూలు బట్ట, పక్కన లోతైన జేబు. డబ్బులు, బీడీలు, తాళంచెవి అన్నీ అందులోనే. నేనూ ఇంట్లో అదే వేసుకుంటా. మర్నాడు ఒకటి ఉతికింది బ్యాగులో పెట్టుకుని గోల్డెన్ వెళ్లా. స్పైడర్‌కో వాళ్ల షోరూమ్‌లో అద్దాల బల్ల మీద నిక్కరు పరిచి, “ఈ జేబుకి చాకు కావాలి, ఎడమచేతి మనిషికి” అన్నా. కౌంటర్‌లో ఉన్నాయన నవ్వలేదు. బట్టని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, “ముందు బరువు చూద్దాం” అన్నాడు. నాకు అప్పుడే ఆయన మీద గురి కుదిరింది.

అక్కడ గంటన్నర గడిపాక నాకు అర్థమైంది ఇది: చాకు కొనేటప్పుడు అందరం బ్లేడుతో మొదలుపెడతాం. స్టీలు ఏంటి, పొడుగెంత అని. మొదలుపెట్టాల్సింది జేబుతో, చేతితో. మేం చూసిన వరస ఇది.

బరువు. జీన్సు ఎంతైనా మోస్తుంది. పల్చటి నూలు మోయదు. డ్రాగన్‌ఫ్లై అనే బుల్లి చాకు దాదాపు 35 గ్రాములే, బ్లేడు 2.3 అంగుళాలు. డెలికా అనేది 70 గ్రాములు, బ్లేడు 2.9 అంగుళాలు. రెండూ నిక్కరుని జార్చలేదు. అంతకన్నా బరువైనవి తగిలిస్తే జేబు మూతి సాగిపోయింది.

క్లిప్పు ఎన్ని చోట్లకి మారుతుంది. కొన్నిటికి ఒకటే చోటు. వంచిన తీగలాంటి క్లిప్పు ఉన్న డ్రాగన్‌ఫ్లైకి కుడి, ఎడమ రెండూ కుదురుతాయి. డెలికాకి నాలుగు చోట్లు: కుడి, ఎడమ, మొన పైకి, మొన కిందికి. మూడు స్క్రూలు విప్పి మార్చుకోవడమే. 1990లో డెలికా మొదట వచ్చినప్పుడు క్లిప్పు పిడితో కలిపి పోసిన ప్లాస్టిక్కే. విరిగితే ఇక అంతే. స్క్రూలతో బిగించే స్టీలు క్లిప్పు తర్వాత వచ్చింది. వంగినా విరిగినా కొత్తది వేసుకోవచ్చు.

మొన పైకా కిందికా. మొన పైకి ఉంటే చాకు తీయగానే చేతిలో సరిగ్గా కూర్చుంటుంది, బొటనవేలు నేరుగా రంధ్రం మీదకి పోతుంది. కానీ వీపు వెనక కుట్టు వైపే ఉండాలి, మామ వేలు చెప్పిన పాఠం అదే. మొన కిందికి ఉంటే చెయ్యి పెట్టినప్పుడు ముందు తగిలేది కీలు. కాకపోతే తీశాక చేతిలో తిప్పి పట్టుకోవాలి. పైగా ఎప్పుడైనా తెరుచుకుంటే మొన పల్చటి బట్టలోంచి తొడకి దిగుతుంది. నిక్కరుకి అది పనికిరాదు.

పట్టు. క్లిప్పు మరీ గట్టిగా ఉండి, దాని కింద పిడి గరుకుగా ఉంటే తీసి పెట్టిన ప్రతిసారీ ఆకురాయి రాసినట్టే. నెలల్లో జేబు అంచు పోగులు లేస్తుంది. వదులుగా ఉంటే వంగినప్పుడు చాకు జారి పొలంలో కలుస్తుంది. కొనేముందు మీ బట్టకే పదిసార్లు తగిలించి తీయండి. ఇంకోటి, తెరిచి గట్టిగా పిడికిలి బిగించండి. క్లిప్పు అరచేతిలో గుచ్చుకుంటే అరగంట పనికే బొబ్బ వస్తుంది.

లాకు. ఎడమచేతి వాళ్లు ఎక్కువ మోసపోయేది ఇక్కడే. లైనర్ లాకు అంటే పిడి లోపలి రేకు పక్కకి జరిగి బ్లేడుని ఆపుతుంది. ఎక్కువ శాతం కుడి బొటనవేలికి అనువుగా చేస్తారు. క్లిప్పు ఒక్కటే ఎడమకి మారితే సరిపోదు. డెలికాకి లాకు పిడి వీపు మీద ఉంటుంది, ఏ చేతికైనా ఒకటే. మడిచినప్పుడు ఆ స్ప్రింగే బ్లేడుని మూసి పట్టుకుంటుంది కూడా.

షోరూమ్ నుంచే మళ్లీ కాల్ చేశా. ఇక్కడ పొద్దున పదిన్నర, అక్కడ రాత్రి పది. ముందు డ్రాగన్‌ఫ్లై చూపించా. “గిదేందిరా, చెవుల గుబిలి తీస్కోనీకా?” అన్నాడు. డెలికా చూపించా. కౌంటర్ ఆయన చిన్న స్క్రూడ్రైవర్‌తో క్లిప్పు విప్పి అటువైపు బిగించడం ఫోన్‌లో చూస్తూ మామ ఏమీ అనలేదు. అయ్యాక అడిగాడు: “అంటే, నా కోసం ఏరే చేయించే పన్లేదా? గిట్ల తిప్పితే అయిపోయిందా?”

“అయిపోయింది మామా.”

“మస్తుంది.”

కొనేవాళ్లకి రెండు మాటలు

కొలరాడోలో 3.5 అంగుళాలు దాటిన బ్లేడుని కనపడకుండా దాచి తిరగడం నేరం, వేటకీ చేపలకీ తీసుకెళ్తే తప్ప. డెలికాకి అన్నలాంటి ఎండ్యూరా ఆ గీత దాటుతుంది. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూలు, ముందు చూసుకోండి. మన దేశంలో ఆయుధాల నిబంధనలు చూసేది 9 అంగుళాల పొడుగు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ దాటిన కత్తుల్ని. ఇంటికి, వ్యవసాయానికి చేసిన వాటికి మినహాయింపు ఉంది. అయినా ఊళ్లలో జాతర్లకి, ఊరేగింపులకి, సిటీలో మాల్‌కి, మెట్రోకి వెళ్లేటప్పుడు ఇంట్లో పెట్టి వెళ్లండి. పనిముట్టు అని మీకు తెలుసు, గేటు దగ్గర తనిఖీ చేసేవాళ్లకి తెలియదు. బటన్ నొక్కితే టక్కున తెరుచుకునే రకాల జోలికి అసలు పోవద్దు. విమానంలో చెక్-ఇన్ సామాన్లో మాత్రమే, మొన గుచ్చుకోకుండా అట్టలో చుట్టి. క్లిప్పుతో జేబుకి అలవాటైపోయిన చాకే ఎయిర్‌పోర్టులో గుర్తుకురాదు, కాబట్టి ముందురోజే తీసి సూట్‌కేసులో వేయండి.

చాకు మామకి చేరి రెండు నెలలైంది. డ్రిప్పు పైపులు, సుతిలి, ఎరువు బస్తాల మూతులు, సాయంత్రం ఒక బత్తాయి, అన్నిటికీ అదే. మొన్న పక్క పొలం ఆయన చూస్తానని తీసుకుని తన కుడి జేబుకి తగిలించుకున్నాడట. తీసి రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, “ఉల్టా ఉన్నది గదనే ఇది” అన్నాడట.

మామ ఫోన్‌లో నవ్వుతూ చెప్పాడు: “అరవై ఏండ్లల్ల మొదటిసారిరా అల్లుడా, ఆ మాట ఇంకోడు అనుడు.”