కిరాయి ఇల్లు, సొంత చిరునామా

అబ్బాజాన్ ఇంతెకాల్ అయ్యాక మాకు మిగిలిన ఆస్తి పదకొండు నోటుబుక్కులు. సగం తెలుగు కథలు, సగం ఉర్దూ నజ్మ్‌లు. నేను గుంటూరులో, తమ్ముడు హైదరాబాదులో, చెల్లి జెద్దాలో. బుక్కులు ఒక్కరి దగ్గరే ఉంటే మిగతా ఇద్దరికీ అన్యాయం. అందుకే వెబ్‌సైట్ పెడదామని మష్వరా చేసుకున్నాం. హోస్టింగ్ ఎంచుకునే జిమ్మేదారీ నాకొచ్చింది. నెల రోజులు వెతికి తెలుసుకున్న సంగతులు మీ ఇంట్లోనూ ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను.

డొమైన్ వేరు, హోస్టింగ్ వేరు. డొమైన్ అంటే చిరునామా. హోస్టింగ్ అంటే సామాను పెట్టుకునే కిరాయి ఇల్లు. ఇల్లు ఎన్నిసార్లైనా మారొచ్చు, చిరునామా మాత్రం మన పేరు మీదే ఉండాలి. మా మామూజాన్ అత్తరు దుకాణానికి సైట్ చేసిన కుర్రాడు డొమైన్‌ని తన పేరు మీదే రిజిస్టర్ చేసుకున్నాడు. రెండేళ్లకు ఊరు మారి, ఫోన్ ఎత్తడం మానేశాడు. డబ్బు కట్టింది మామూజాన్, మాలిక్ మాత్రం ఆ కుర్రాడు!

తర్వాత హిసాబ్. మొదటి ఏడాది ధర చూసి ఖుష్ అయిపోకండి. అది దావత్ బిర్యానీ. రెన్యువల్ ధరే రోజూ తినే అన్నం. నేను కాగితం మీద మూడేళ్ల లెక్క వేశాను: మొదటి ఏడాది ధర, రెండు రెన్యువల్స్, డొమైన్ ఖర్చు, వీటి మీద 18 శాతం జీఎస్టీ. అన్నిటికంటే సస్తా అనిపించిన కంపెనీ మూడో స్థానానికి జారింది. 'అన్‌లిమిటెడ్' అన్న చోట షరతులు చదివితే, ఇన్ని ఫైళ్లు దాటకూడదని లోపల హద్దు ఉంది. సైట్‌కి తాళం గుర్తు తెచ్చే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్‌కు విడిగా డబ్బు అడిగిన వాళ్లూ ఉన్నారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దాన్ని 2015 నుంచి ముఫ్త్‌గా ఇస్తోంది.

ఎంత పెద్ద ఇల్లు కావాలి? కథలకీ నజ్మ్‌లకీ పెద్ద జాగా అక్కర్లేదు. పదిమందితో పంచుకునే షేర్డ్ హోస్టింగ్ చాలు. బరువంతా స్కాన్ చేసిన పేజీలది, ఉర్దూ నస్తలీఖ్ ఫాంట్‌ది. చదివేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడివాళ్లే కాబట్టి ముంబైలో సర్వర్ ఉన్న కంపెనీని తీసుకున్నాను.

అన్నిటికంటే పెద్ద సంగతి బ్యాకప్. "కంపెనీవాళ్లే రోజూ తీస్తారట కదా ఆపా, ఇంక ఫికర్ ఎందుకు?" అన్నాడు తమ్ముడు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయిన సంగతి చెప్పాను. అసలూ నకలూ ఒకే చోట పెట్టుకున్నవాళ్లకు రెండూ పోయాయి. నిప్పే అక్కర్లేదు. లక్షలమంది పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ని యాహూ 2009లో మూసేసింది. అందుకే మా నకళ్లు మూడు: ఒకటి సర్వర్‌లో, ఒకటి నా హార్డ్ డిస్క్‌లో, ఒకటి జెద్దాలో చెల్లి దగ్గర.

ఇదంతా విని అమ్మీ ఒకే సవాల్ వేసింది: "నీ తర్వాత కిరాయి ఎవరు కడతారు బేటీ?"

ఏ కంపెనీ ప్లాన్‌లోనూ దీనికి జవాబు లేదు. కిరాయి ఆగితే ఇల్లు ఖాళీ చేయిస్తారు, డొమైన్ గడువు దాటితే ఆ పేరు ఇంకెవరైనా కొనుక్కోవచ్చు. అబ్బాజాన్ రాతలు మాకు అమానత్. అమానత్‌ని ఒక్కరి మొబైల్‌కి వచ్చే ఓటీపీ మీద వదిలేయలేం. రెన్యువల్ తారీఖు ముగ్గురి ఫోన్లలోనూ పెట్టుకున్నాం. పాస్‌వర్డులు కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులున్న అమ్మీ ట్రంకు పెట్టెలో పెట్టాం. లాగిన్ అవడం, బిల్లు కట్టడం, నకలు దించుకోవడం ఇంటర్ చదివే మా అమ్మాయికి నేర్పాను. అరగంట పట్టింది.

మీరు హోస్టింగ్ కొనేటప్పుడు ధర ఎంతని అడగండి. మీ తర్వాత దాన్ని చూసుకునేవాళ్లు ఎవరో కూడా ఆ రోజే రాసిపెట్టుకోండి.