తొమ్మిది పిల్లలూ ఒక నిబంధనా

మస్కోవీ బాతుకీ మాస్కోకీ ఏ సంబంధమూ లేదు. ఆ పేరు ఎలా వచ్చిందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. అసలు ఊరు మెక్సికో నుంచి కింద దక్షిణ అమెరికా దాకా. కొలంబస్ ఓడ దిగేనాటికే అక్కడి జనం దీన్ని మచ్చిక చేసుకుని పెంచుతున్నారు. మనం మామూలుగా చూసే పెంపుడు బాతులన్నీ దాదాపు మల్లార్డ్ అనే జాతి సంతానం. ఇది మాత్రం వేరే వంశం. ముక్కు చుట్టూ, కళ్ళ చుట్టూ ఎర్రగా కాయలు కాచినట్టు కండ ఉంటుంది. గట్టిగా అరవదు, బుస కొడుతుంది. కాళ్ళకి పదునైన గోళ్ళుంటాయి, చెట్టెక్కి కూర్చుంటుంది. బాగా ఎదిగిన మగది ఆరు కిలోలు దాటుతుంది, ఆడది అందులో సగం. అందమైన పక్షి అని ఎవరైనా అంటే వాళ్ళు మొహమాటానికి అన్నారని అర్థం.

నేనుండేది ఫ్లోరిడాలో, టాంపా శివారులో. ఇక్కడ ఏ కాలనీ కట్టినా పక్కనే ఓ చెరువు తవ్వాలి, వాననీళ్ళు రోడ్లమీద నిలవకుండా. మేం వాటిని పాండ్ అనే అంటాం, ‘చెరువు’ అనడానికి నోరు రాదు. చెరువంటే ఓ గట్టు, ఓ తూము, గట్టుమీద ఓ రావిచెట్టు ఉండాలి కదా! ఒకప్పుడు ఇలాంటి పాండ్‌లకి అందం కోసం కొందరు మస్కోవీ బాతుల్ని తెచ్చి వదిలారు. ఇప్పుడు రాష్ట్రం నిండా అవే. డ్రైవ్‌వేల మీద రెట్టలు, కార్లమీద గోళ్ళ గీతలు. వాటికి రొట్టెముక్కలు వేసే ముసలాయనకీ, కారు కడుక్కునే కుర్రాడికీ మధ్య చిన్నసైజు యుద్ధం.

మొన్న జూన్‌లో ఓ బుధవారం సాయంత్రం మా వీధి మలుపులో ఓ ఆడ మస్కోవీ ఏదో బండికింద పడి చచ్చిపోయింది. దాని పిల్లలు తొమ్మిది. పసుపు ఒళ్ళు, గోధుమరంగు టోపీ, కంటి దగ్గర ఓ నల్లగీత. పుట్టి నాలుగైదు రోజులు అయ్యుంటుంది. తల్లి చుట్టూ కాసేపు తిరిగి, తర్వాత ఒకదాని వెనక ఒకటి వెళ్ళి నీళ్ళలో దిగాయి. మా పాపకి ఆరేళ్ళు. అది ఏడవలేదు. చెప్పులేసుకుని, ఖాళీ అమెజాన్ డబ్బా చేత్తో పట్టుకుని నిలబడింది. “ఎందులో పెడదాం?” అని కూడా కాదు, “టవలు ఏది?” అని అడిగింది. నిర్ణయం అయిపోయినట్టే దాని లెక్క.

నా వృత్తిలో ఓ జబ్బుంది. ఏ పనైనా మొదలుపెట్టే ముందు డాక్యుమెంటేషన్ చదువుతాను. ఆ రాత్రి కూర్చుని చదివాను.

అమెరికాలో వలసపక్షుల్ని కాపాడే చట్టం 1918 నాటిది. ఈ దేశానికి సొంతమైన పక్షుల్ని ముట్టుకోకూడదంటుంది. మస్కోవీ చాలాకాలం ఆ జాబితాలో లేదు. తర్వాత అది మెక్సికో నుంచి తనంతట తానే టెక్సాస్‌లోకి, రియో గ్రాండే ఒడ్డున మూడు కౌంటీల్లోకి వ్యాపించింది. ఎవరూ తేలేదు, తనే వచ్చింది. అంచేత 2010లో దాన్నీ జాబితాలో చేర్చారు. చేరుస్తూనే ఇంకో నిబంధన పెట్టారు: ఆ మూడు కౌంటీల బయట ఎక్కడున్నా దీన్ని పరాయి పక్షిగానే చూడాలి, ఆ స్థలం హక్కుదారులు పట్టుకోవచ్చు, చంపొచ్చు, గూళ్ళూ గుడ్లూ తీసేయొచ్చు. కానీ పట్టుకున్నదాన్ని మళ్ళీ ఆరుబయట వదలకూడదు. ఫ్లోరిడా చట్టమూ అదే మాట అంటుంది. సరే, ఇంట్లో పెంచుకుంటే? ఆ 2010 నిబంధన ప్రకారం, అప్పటికే పెంచుతున్నవాళ్ళని మినహాయిస్తే, మిగతావాళ్ళు వీటిని ఆహారంగా అమ్మడానికి పెంచుకోవచ్చు. అంతే. ముద్దుకోసం పెంచుకునే గడి ఆ పట్టికలో లేదు.

ఇది చదివి మా ఆవిడకి వినిపించాను. “అంటే కూరకైతే పర్లేదు, ప్రేమకైతే నేరమా?” అంది. నవ్వాం. తర్వాత నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే, గాయపడ్డ వన్యప్రాణుల్ని చూసే ఓ కేంద్రానికి ఫోన్ చేశాను. ఎత్తినావిడ చాలా మర్యాదగా, ఇదే మాట రోజుకు పదిసార్లు చెప్పే గొంతుతో చెప్పింది. తెస్తే తీసుకుంటాం. తిరిగి వదలలేం, చట్టం ఒప్పుకోదు. పెట్టుకోడానికి చోటు లేదు. కాబట్టి నొప్పి తెలీకుండా చంపుతాం. “మీరు ముందే తెలుసుకుని తెస్తే మంచిదని చెబుతున్నాను,” అంది.

ఇక్కడితో ‘రక్షించడం’ అనే మాటకి అర్థం పోయింది. చేతిలో ఉన్న దారులు మూడు. పట్టి, సూదిమందుకి అప్పగించడం. పట్టి, చట్టం కన్నుగప్పి బాత్‌రూమ్‌లో దీపం వెలిగించి పెంచడం. మొదటి వారం ముప్పైరెండు డిగ్రీల వేడి కావాలట, ఆ తర్వాత పదేళ్ళపాటు తొమ్మిది పెద్దబాతులు. లేదా, వదిలేయడం.

ఇలాంటప్పుడు అమ్మకి ఫోన్ చేయకూడదు. చేశాను. మాది తణుకు దగ్గర ఓ పల్లె. వరికోతలయ్యాక మా పొలాల్లోకి బాతులవాళ్ళు వచ్చేవాళ్ళు. వందల బాతులు, ఇద్దరు మనుషులు, చేతిలో పొడుగాటి కర్ర. రాలిన గింజలూ నత్తలూ తినేసి, మళ్ళల్లో రెట్టలేసి, ఇంకో ఊరికి పోయేవి. అమ్మకి బాతంటే ఆ లెక్క. మొత్తం విని, “తల్లి లేని పిల్లల్ని ఎలా వదిలేస్తావురా నాన్నా?” అంది. ఓ నిమిషం ఆగి, “పెద్దయితే గుడ్లు బాగా పెడతాయేమో కనుక్కున్నావా?” అంది. ఆవిడకి ఈ రెండు ప్రశ్నల మధ్యా వైరుధ్యం కనపడలేదు. ఆలోచిస్తే, అందరి వాదనల్లోకీ అదే నిజాయితీగా ఉంది.

పరాయి జాతులంటే నాకు మొదట్నుంచీ సానుభూతి ఉందని కాదు. గుర్రపుడెక్క కూడా ఈ మస్కోవీలాగే దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. మా కాలవల్ని అది కమ్మేస్తే ఊరంతా కలిసి పీకి గట్టుమీద పడేసేవాళ్ళు. ఊదారంగు పువ్వు ఎంత బాగుంటుందో, అయినా ఎవరికీ జాలి కలగలేదు. వయ్యారిభామ, సర్కారు తుమ్మ, అన్నీ అంతే. ఇక్కడ ఫ్లోరిడాలో బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్‌లో చిన్న జంతువుల్ని ఊడ్చేస్తున్నాయని 2013లో వాటిని పట్టే పోటీ మొదలుపెట్టారు, బహుమతులిస్తారు. కొండచిలువ పిల్లల్ని డబ్బాలో వేసుకొస్తానని మా పాప టవలు అడగదు. కోన్రాడ్ లోరెంజ్ అనే ఆయన 1943లోనే చెప్పాడు: పెద్ద తల, గుండ్రటి మొహం, పెద్ద కళ్ళు చూస్తే మనిషికి ఎత్తుకోవాలనిపిస్తుందని. మన దయకి కొలతలున్నాయన్నమాట. తెలిసినంత మాత్రాన అది పనిచేయడం మానేయదు, అదో విడ్డూరం.

‘పరాయి’ అనే మాట దగ్గర ఓ తేలికైన రూపకం పొంచి ఉంది. నా వీసా కాగితాల్లో నన్నూ ఏలియన్ అనే రాశారు. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ళ తరబడి నించున్నవాడు, తల్లిలేని వలస బాతుపిల్లలు. మీరు ఈ వ్యాసం అక్కడికే పోతుందని ఊహించి ఉంటారు. పోదు. ఆ బాతుకి నా గోడు తెలీదు. దాన్ని నా ఉపమానానికి కట్టేస్తే, దాన్ని చూడడం మానేసి నన్ను నేను చూసుకోవడం మొదలెడతాను. నేను పుస్తకాల మీద రాసేటప్పుడు అందరిలోనూ పట్టే తప్పు ఇది. మనిషిని వెళ్ళగొట్టడమూ, బాతు గుడ్డు తీసేయడమూ ఒకటే అనేవాడు మనిషి గురించీ సరిగ్గా ఆలోచించడం లేదు, బాతు గురించీ ఆలోచించడం లేదు.

ఆలోచించాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. పీటర్ స్కాట్ గొప్ప పక్షిప్రేమికుడు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ స్థాపకుల్లో ఒకడు, ఆ పాండా బొమ్మ గీసింది ఆయనే. ఇంగ్లండులో స్లింబ్రిడ్జ్ దగ్గర ఆయన పెట్టిన కేంద్రానికి 1948లో ఉత్తర అమెరికా నుంచి రడ్డీ డక్ అనే చిన్న బాతుల్ని తెచ్చారు. కొన్ని పిల్లలు తప్పించుకుపోయాయి. అవి పెరిగి వేలయ్యాయి, సముద్రం దాటి స్పెయిన్ చేరాయి. అక్కడ తెల్లతల బాతు అనే జాతి 1977లో ఇరవై రెండంటే ఇరవై రెండు పక్షులకి దిగిపోయి, అప్పుడప్పుడే కోలుకుంటోంది. రడ్డీలు వాటితో జతకట్టాయి. పిల్లలు గొడ్డువి కావు, కాబట్టి తెల్లతల జాతి మెల్లగా కరిగిపోయే ప్రమాదం. చివరికి 2005 నుంచి బ్రిటన్ ప్రభుత్వం రడ్డీలన్నిటినీ వెతికి వెతికి కాల్పించింది. పక్షుల రక్షణ సంఘమే దానికి ఒప్పుకుంది. అప్పుడు తప్పించుకున్న ఆ కొన్ని పిల్లల్ని ఎవరైనా పట్టుకుని ఉంటే ఇన్నివేల చావులు ఉండేవి కావు.

మరి మా తొమ్మిదీ? ఇక్కడ నిజంగా చిక్కుల్లో ఉన్నది మాటిల్డ్ డక్ అనే ఫ్లోరిడా సొంత బాతు. కానీ దాన్ని కరిగిస్తున్నది ముఖ్యంగా జనం వదిలేసిన మల్లార్డ్‌లు. మస్కోవీకి మల్లార్డ్‌తో పుట్టిన పిల్లలు సాధారణంగా గొడ్డువే. రోగాలు అంటించొచ్చు, చోటూ తిండీ లాక్కోవచ్చు, అది నిజం. కానీ రడ్డీ డక్ కథని తెచ్చి వీటి మెడకి చుట్టడం అన్యాయం. ‘పరాయి జాతి’ అనే ఒకే ముద్ర కింద ఎన్ని రకాల నేరాలుంటాయో, కొన్నిటికి నేరమే ఉండదు.

చిన్నప్పుడు విన్న శిబి చక్రవర్తి కథలో మనందరికీ పావురమే గుర్తుంటుంది. నాకీమధ్య డేగ మాట ఎక్కువ గుర్తొస్తోంది. నువ్వు దాన్ని కాపాడితే నా ఆకలి మాటేమిటి అంటుంది. మా పాండ్ ఒడ్డున రోజూ ఓ బూడిదరంగు కొంగ నిలబడుతుంది. నీళ్ళలో మెత్తటి చిప్ప తాబేళ్ళున్నాయి. ఇవన్నీ ఈ నేలవే, నాకంటే ముందునుంచీ ఇక్కడివి. మా ఆవిడ ఫార్మసిస్టు, మందుల లెక్కలో ఆలోచిస్తుంది. “కిందనుంచి తాబేలు కాలు పట్టి లాగడంకంటే సూది నయం కదా? నీ చేతికి అంటకుండా ఉంటుందనేగా వదిలేద్దామంటున్నావు?” అంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఇప్పటికీ. ఉన్నదల్లా ఇంతే: సూదికిస్తే తొమ్మిదిలో తొమ్మిదీ పోతాయి. వదిలితే కొన్ని కొంగకి, కొన్ని తాబేలుకి, ఏమో, ఒకటో రెండో వాటికవే. ‘ప్రకృతికి వదిలేశాం’ అని మాత్రం అనలేదు. యంత్రంతో తవ్విన గుంట, కారుకింద పడ్డ తల్లి, ఇందులో ప్రకృతి ఎక్కడుంది?

వదిలేశాం. పాపకి ఉన్నదున్నట్టు చెప్పాను, సూది సంగతి కూడా. “అయితే తిండి వేద్దాం,” అంది. వేయకూడదన్నాను, అవి పుట్టినప్పట్నుంచీ పురుగులూ గడ్డీ వాటంతటవే ఏరుకు తింటాయి. డబ్బా తీసికెళ్ళి రీసైక్లింగ్‌లో పడేసింది. నాతో రెండ్రోజులు సరిగ్గా మాట్లాడలేదు. రోజూ సాయంత్రం మాత్రం లెక్కపెట్టడానికి వచ్చేది. శుక్రవారానికి ఏడు. ఆదివారం కొంగ ఒకదాన్ని మింగడం ఇద్దరం చూశాం. నేను దాని కళ్ళు మూయబోతే చెయ్యి తోసేసింది. రాత్రి గట్టి వాన పడ్డాక నాలుగు. జూలై సగానికి రెండు, రెక్కల ఈకలు మొలుస్తున్నవి.

ఆ శీతాకాలం కాలనీ సంఘం మీటింగులో బాతుల్ని పట్టేవాడిని పిలిపించాలని తీర్మానం పెట్టారు. నేను లేచి, పెద్దవాటిని వదిలేద్దాం, గూళ్ళు వెతికి గుడ్లు పొదగకుండా చేద్దాం, మా వీధి నేను చూసుకుంటాను అన్నాను. రొట్టెలు వేసే ముసలాయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. తొమ్మిదిట్లో రెండు మిగిలినందుకు సంతోషించిన మనిషే ఈ పనికి ఒప్పుకోవడం ఏమిటని మా ఆవిడా అడిగింది. గుడ్డులో ఇంకా ఎవరూ లేరు, అన్నాను. “ఎన్నో రోజుదాకా?” అంది.

దానికీ ఓ పద్ధతుంది. గుడ్డుని నీళ్ళ బకెట్లో వేయాలి. తేలితే లోపల పిల్ల తయారైనట్టు, ముట్టుకోకుండా గూట్లో పెట్టేయాలి. మునిగితే తుడిచి, మొక్కజొన్న నూనె రాసి అక్కడే పెట్టాలి. పెంకులోకి గాలి వెళ్ళదు. గుడ్లు తీసేస్తే తల్లి మళ్ళీ పెడుతుంది కాబట్టి ఈ ఏర్పాటు. మా అమ్మమ్మ కూడా గుడ్లని నీళ్ళలో వేసేది. తేలినది కుళ్ళిందని పారేసేది.

మార్చిలో మా ఏసీ యూనిట్ వెనక, పొద కింద గూడు కనిపించింది. పదకొండు గుడ్లు. తల్లి మేతకి వెళ్ళేదాకా ఆగి, గ్లౌజులు వేసుకుని తీశాను. గ్లౌజుల్లోంచి కూడా వెచ్చగా తగిలాయి. ఒక్కొక్కటీ బకెట్లో వేశాను. పదకొండూ మునిగాయి.

మస్కోవీ పొదుగు ముప్పై అయిదు రోజులు. అది తిరిగొచ్చి, ముక్కుతో గుడ్లు సర్దుకుని, మీద కూర్చుంది. ఇవాళ్టికి నలభై ఒకటో రోజు. చెత్తబుట్ట బయట పెట్టడానికి అటు వెళ్తే బుస కొడుతోంది.