ఆటలకి డిగ్రీ ఏటి?

మొన్న మా వీధిలో గృహప్రవేశం. విస్తట్లో పులిహోర పడిందో లేదో, మా వైపు పెద్దావిడ ఒకామె బంతి మొత్తానికి వినపడేలా అడిగింది: "మీ గుంట గ్వాలియర్లో ఏదో ఆటల చదువు చదువుతోందట గదమ్మా? ఆటలకి డిగ్రీ ఏటి? దాన్ని డ్రిల్లు మేస్టర్ని చేస్తావేటి?" చుట్టూ కూర్చున్నవాళ్ళు నవ్వారు. నేను నోరు తెరిచేలోగా పెరుగు బకెట్టు వచ్చింది, మాట మారిపోయింది. నాకు మాత్రం ఆ ప్రశ్న మారలేదు. గుడి దగ్గర అదే, కూరల బజార్లో అదే, ఊరి నుంచి ఫోనొస్తే అదే. ఆటలకి డిగ్రీ ఏటి?

మా అమ్మాయి చదివేది గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి సంస్థలో. 1857 తిరుగుబాటుకి నూరేళ్ళు నిండిన సందర్భంగా, ఝాన్సీ రాణి నేలకొరిగిన ఊళ్ళోనే, 1957లో దాన్ని వ్యాయామ విద్యా కళాశాలగా పెట్టారు. ఇప్పుడది విశ్వవిద్యాలయ హోదా ఉన్న సంస్థ. అక్కడ పిల్లలు పొద్దున్నే మైదానంలో ఉంటారు, ఆ తరవాత క్లాసులో కూర్చుని గుండె, ఊపిరితిత్తులు, కండరాలు, ఎముకల కీళ్ళు చదువుతారు. పరిగెత్తేటప్పుడు కండరానికి శక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది, దూకి దిగినప్పుడు మోకాలి మీద ఎంత బరువు పడుతుంది, దెబ్బ తగిలినవాణ్ణి మళ్ళీ ఎప్పుడు ఆడనివ్వాలి, ఒక పోటీని మొదలుపెట్టి చివరిదాకా ఎలా నడపాలి, ఇవన్నీ సబ్జెక్టులే. పరీక్షలున్నాయి, ప్రాక్టికల్స్ ఉన్నాయి, ఫెయిలయ్యేవాళ్ళూ ఉన్నారు. అయినా మా క్యాంప్ 2లో అది చదువు కాదు.

క్యాంప్ 2 ఎలా పుట్టిందో ఈ పత్రిక చదివేవాళ్ళలో కొందరికి తెలియకపోవచ్చు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, భిలాయిలో ఉక్కు కర్మాగారం కట్టడం మొదలుపెట్టినప్పుడు కూలీలు కావాల్సొచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవాళ్ళు బండెక్కి వచ్చేశారు. కట్టేవాళ్ళు తలదాచుకోడానికి వేసినవే ఈ క్యాంపులు. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. కర్మాగారం నిలబడింది, మనవాళ్ళు ఇక్కడే ఉండిపోయారు. పవర్‌హౌస్ బజారు పక్కన ఈ ఇరుకు వీధుల్లో ఇప్పటికీ శ్రీకాకుళం యాస వినిపిస్తుంది, పిల్లల నోట మాత్రం హిందీలో కలిసిపోయి. నేను పెళ్ళయి ఆమదాలవలస వైపు నుంచి ఇక్కడికొచ్చాను. ఊరికి వెళ్ళాలంటే రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ దాటుకుని వెళ్ళాలి. ఆ దారంతా నాకు కిటికీ దగ్గర నిద్ర పట్టదు.

ఆ తరం మనుషులు ఇక్కడికి తెచ్చుకున్న ఆస్తి ఏమిటి? చదువు లేదు, డబ్బు లేదు, భాష రాదు. ఒళ్ళు తెచ్చుకున్నారు. ఆ ఒంటితోనే ఇళ్ళు కట్టారు, పిల్లల్ని ఇంజినీర్లని చేశారు. అలాంటి ఇళ్ళలో పుట్టినవాళ్ళే ఒంటి పని గురించి చదువుతానన్న పిల్లని చూసి నవ్వితే నాకు కడుపు మండుతుంది.

మా మావయ్యగారు కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఓవెన్ల పైకప్పు మీద నడవాలంటే మామూలు బూట్లు ఆగవు, చెక్క అడుగున్న చెప్పులు వేసుకునేవారట. డ్యూటీకి వెళ్ళేటప్పుడు మా అత్తగారు డబ్బాలో చోడంబలి పోసి ఇచ్చేవారు, ఉప్పు కాస్త ఎక్కువ వేసి. "ఉత్త నీళ్ళు తాగి పనిచేస్తే పిక్కలు పట్టేస్తాయమ్మా, కింద పడి గిలగిల కొట్టుకుంటాడు మనిషి" అంటారాయన. మొన్న సెలవులకి వచ్చిన మా అమ్మాయి ఈ మాట విని నోటు పుస్తకం తీసింది. "తాతా, ఇది మా పుస్తకంలో ఉంది" అని.

ఉంది, నిజంగానే. 1927లో అమెరికాలోని హార్వర్డ్‌లో అలసట మీద ఒక ప్రయోగశాల పెట్టారు. ఫెటీగ్ లేబొరేటరీ అని పేరు. మనిషి అలిసిపోవడమంటే ఏమిటో కొలవడం వాళ్ళ పని. 1930లలో ఆ శాస్త్రవేత్తలు నెవాడా ఎడారిలో పెద్ద ఆనకట్ట కట్టే కూలీల దగ్గరికి వెళ్ళారు. అదే ఇవాళ హూవర్ డ్యామ్. ఒహాయోలో యంగ్స్‌టౌన్ అనే ఊరి ఉక్కు మిల్లులకీ వెళ్ళారు. కొలిమి దగ్గర చెమటోడ్చే కార్మికులకి కండరాలు ఎందుకు మెలిదిరుగుతున్నాయో చూశారు. చెమటతో ఉప్పు పోతోంది, ఉత్త నీళ్ళు తాగితే ఒంట్లో మిగిలిన ఉప్పు ఇంకా పలచబడుతోంది, ఉప్పు అందిస్తే నొప్పి తగ్గుతోంది అని తేల్చారు. ఇవాళ దుకాణాల్లో రంగురంగుల సీసాల్లో అమ్మే స్పోర్ట్స్ డ్రింకుల వెనకున్న ఆలోచన ఇదే. అంటే ఈ చదువు స్టేడియంలో మాత్రమే పుట్టలేదు, ఉక్కు కొలిమి దగ్గర కూడా పుట్టింది. మా మావయ్యగారి లాంటివాళ్ళ పిక్కల్ని చూసి రాసిన పాఠం అది. ఆయన మనవరాలు ఆ పాఠం చదివితే తప్పేమిటి?

ఆ ప్రయోగశాల వాళ్ళే 1943లో ఒక పరీక్ష తయారుచేశారు. హార్వర్డ్ స్టెప్ టెస్ట్. మన దేశంలో వ్యాయామ విద్య చదివే పిల్లలెవరైనా ప్రాక్టికల్‌లో దీన్ని చేస్తారు. మగవాళ్ళకి 20 అంగుళాల ఎత్తు, ఆడవాళ్ళకి అంతకన్నా తక్కువ. నిమిషానికి 30 సార్ల లెక్కన ఐదు నిమిషాలు ఎక్కి దిగాలి. మా అమ్మాయి టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచి, చివరికి పెరటి అరుగు ఎంచుకుంది. ఫోన్‌లో టక్‌టక్‌మని తాళం పెట్టుకుంది. ఎక్కు, ఎక్కు, దిగు, దిగు. ఐదు నిమిషాలయ్యాక కూర్చుంది. నేను దాని మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టాను. ఒక నిమిషం ఆగి అర నిమిషం పాటు, రెండో నిమిషం తరవాత అర నిమిషం, మూడో నిమిషం తరవాత మళ్ళీ. 62, 50, 44. మూడూ కలిపితే 156. ఎక్కి దిగిన 300 సెకండ్లని నూరుతో హెచ్చించి, ఆ 156కి రెట్టింపుతో భాగిస్తే 96. తొంభై దాటితే చాలా బాగున్నట్టు. నా వేలి కింద ఆ నాడి ఎంత తొందరగా నెమ్మదించిందో! చిన్నప్పుడు జ్వరం వస్తే పట్టుకుని చూసిన చెయ్యే అది. ఇందులో లెక్కలున్నాయి, సైన్సుంది, చెమట ఉంది. ఇంకేం కావాలి డిగ్రీకి?

భిలాయి గురించి నేను ఎప్పుడూ చెడ్డ మాట అనను. ఈ ఊరు ఆటలకి చోటిచ్చింది. సెక్టార్లలో మైదానాలున్నాయి, పంత్ స్టేడియం ఉంది, జయంతి స్టేడియం ఉంది. రాజేష్ పటేల్ సార్ శిక్షణలో ఇక్కడి అమ్మాయిలు బాస్కెట్‌బాల్‌లో ఏళ్ళ తరబడి జాతీయ పతకాలు తెచ్చారు. పక్కనున్న దుర్గ్ అమ్మాయి సబా అంజుమ్ 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచిన హాకీ జట్టులో ఆడింది, తరవాత పద్మశ్రీ అందుకుంది. మా ఊళ్ళో ఇలాంటి కోర్టులు ఎక్కడున్నాయని ఎన్నోసార్లు అనుకున్నాను. అదే భిలాయిలో గోడ గోడకీ ఐఐటీ ర్యాంకర్ల ఫోటోలే. పిల్లలు మెదడుతోనే పుట్టినట్టు, మెడ కింద ఏమీ లేనట్టు.

అయితే ఇక్కడివాళ్ళెవరైనా "మీ శ్రీకాకుళంలో ఏముంది, వలసలు తప్ప" అంటే మాత్రం నేను ఊరుకోను. వీరఘట్టం కోడి రామ్మూర్తినాయుడు గారు లేరా అంటాను. గొలుసులు తెంచి, గుండె మీద ఏనుగుని ఎక్కించుకున్న మనిషిగా అందరికీ తెలుసు. ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ చదువుకుని వచ్చి, విజయనగరంలో హైస్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారన్న సంగతి ఎందరికి గుర్తుంది? మన కలియుగ భీముడు డ్రిల్లు మేస్టారేనమ్మా! మళ్ళీ ఎవరైనా ఆ మాట అంటే చెప్పడానికి సిద్ధంగా పెట్టుకున్నాను.

ఇక కరణం మల్లేశ్వరి. మా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల. నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులెత్తడం నేర్చుకుంది. 2000 సెప్టెంబరులో సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ రోజు నాకు బాగా గుర్తు. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. మా వీధిలో టీవీ ఉన్న ఇంటి అరుగు నిండిపోయింది. ఆడపిల్లకి బరువులేటి, పెళ్ళెవరు చేసుకుంటారని అన్న నోళ్ళే ఆ సాయంత్రం మిఠాయి పంచాయి. మా నాన్న మాత్రం ఒక్క మాటన్నాడు: "ఆ పిల్లకి తిండి ఎవరు పెట్టారో, దెబ్బ తగిలితే ఎవరు చూశారో వాళ్ళనీ చూపించాలి టీవీలో." మా నాన్న ఇప్పుడు లేడు. ఉంటే మనవరాలి చదువేమిటో ఆయనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ పోటీలో బంగారం గెలిచిన చైనా అమ్మాయి మొత్తం 242.5 కిలోలు. తేడా రెండున్నర కిలోలే. చివరి ప్రయత్నంలో మల్లేశ్వరి 137.5 అడిగి ఎత్తలేకపోయింది. ఏ బరువు ఎప్పుడు అడగాలో నిర్ణయించడం కూడా ఒక విద్యేనని, దానికి అవతలివాళ్ళ బరువులు, మన అమ్మాయి ఒంట్లో మిగిలిన ఓపిక రెండూ తెలియాలని మా అమ్మాయి చెప్పింది. మల్లేశ్వరి కూడా మాలాగే ఊరు విడిచి హర్యానాలో స్థిరపడింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయింది. బరువులేటి అనిపించుకున్న పిల్ల ఒక యూనివర్సిటీని నడిపింది. ఇంకా అడుగుతారా ఆటలకి డిగ్రీ ఏటని?

అడుగుతారు. అవసరమొస్తే మా గుమ్మానికే వస్తారు కూడా. మే నెలలో వాలీబాల్ ఆడుతూ ఎదురింటి కుర్రాడు చీలమండ మడతపడి కుంటుకుంటూ వచ్చాడు. అప్పటికే ఒకరు ఆవనూనె వేడి చేస్తున్నారు, ఇంకొకరు నరం తప్పింది లాగాలి అంటున్నారు. మా అమ్మాయి అందర్నీ ఆపి వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టింది. "తమ్ముడూ, నాలుగడుగులు వెయ్యగలవా?" అని అడిగింది. వేశాడు. తరవాత చీలమండ రెండు వైపులా ఉబ్బెత్తు ఎముకల వెనక అంచు మీద వేలితో నెమ్మదిగా నొక్కుకుంటూ పైకి పోయింది, ఆ తరవాత పాదం పక్క ఎముక మీద, లోపలి వైపు ఎముక మీద. ఎముక మీద నొప్పి లేదు, దాని ముందు మెత్తటి చోట ఉంది. ఎక్స్‌రే అక్కర్లేదంది. 1992లో కెనడాలో ఒట్టావా డాక్టర్లు రాసిన నియమమట అది. నాలుగడుగులు వెయ్యలేకపోయినా, ఆ ఎముకల మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. వేడి నూనె, మర్దన రెండు రోజులు వద్దని చెప్పి, మంచుముక్కలు గుడ్డలో చుట్టి పెట్టింది, కాలు దిండు మీదికెత్తింది. వాపు తగ్గాక తెల్ల టేపుతో చీలమండ చుట్టూ ఎనిమిది ఆకారంలో కట్టు వేసింది. ఒక్క ముడత లేదు. ముడత ఉంటే చర్మం పొక్కుతుందట. అమెరికాలో ఇలా ఆటగాళ్ళ దెబ్బలు చూసే పనినే ప్రత్యేక వృత్తిగా చూస్తారు, 1990లోనే అక్కడి వైద్య సంఘం దాన్ని ఆరోగ్య వృత్తుల్లో చేర్చింది. ఇప్పుడు దానికి మాస్టర్స్ డిగ్రీ చదవాలి. మన దగ్గర అంత గుర్తింపు లేదు, ఆ పని ఎక్కువగా ఫిజియోథెరపీ చదివినవాళ్ళే చూస్తున్నారు. మా అమ్మాయి ఆలోచనా అటే ఉంది.

వేసవి సెలవుల వాలీబాల్ పోటీలకి ఈసారి పదకొండు జట్లు పేరిచ్చాయి. ఎప్పుడూ చీటీలు వేసి, తగువు పడి, చీకటి పడేదాకా ఆడేవాళ్ళు. మా అమ్మాయి కాగితం మీద రాసిచ్చింది: అందరూ అందరితో ఆడితే 55 మ్యాచ్‌లు, ఓడినవాళ్ళు ఇంటికెళ్తే పది. పదకొండు జట్లని పదహారు గడుల్లో సర్దాలి గనక ఐదు జట్లకి మొదటి రౌండు ఆట ఉండదు. ఈ లెక్క చూసి కమిటీ కుర్రాళ్ళు సంతోషపడ్డారు. ఐసు పెట్టె, స్ట్రెచర్ కూడా ఒప్పుకున్నారు. ఒక్కదానికి ఒప్పుకోలేదు. ఛత్తీస్‌గఢ్ ఎండలో మధ్యాహ్నం మ్యాచ్‌లు వద్దంది. అమెరికాలో 2001లో కోరీ స్ట్రింగర్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎండలో సాధన చేస్తూ వడదెబ్బ తగిలి చనిపోయాడని, ఎవరైనా అలా పడిపోతే ముందు చల్లటి నీళ్ళ తొట్టిలో ముంచి ఒళ్ళు చల్లబరచాలని, ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆ తరవాతేనని చెప్పింది. సాయంత్రం లైట్లకి డబ్బెక్కడిదని కమిటీ పెద్దలు కొట్టిపారేశారు. దేవుడి దయవల్ల ఈ ఏడు ఎవరూ పడిపోలేదు.

అమ్మాయి మళ్ళీ గ్వాలియర్ వెళ్ళిపోయింది. వచ్చే ఏడు లైట్ల చందా నేనే ఇంటింటికీ తిరిగి పోగుచేస్తాను. మొదటి గుమ్మం ఆ పెద్దావిడదే. ఆవిడ మనవడు కూడా మధ్యాహ్నం మ్యాచ్‌లోనే ఆడాడు.